ఉమ్మి పరీక్షకు ఐదంకెల బిల్లు: బరంపురంలో అమ్ముతున్న మనోవ్యాధి జన్యు ప్యాకేజీ ఎందుకు పనికొస్తుంది, ఎందుకు పనికిరాదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కలెక్షన్ సెంటర్లలో షుగరు, థైరాయిడ్ ప్యాకేజీల పక్కన ఇప్పుడు ‘సైకియాట్రీ జీన్ ప్యానెల్’ కూడా చేరింది. ట్యూబులో ఉమ్మితే చాలు, స్కిజోఫ్రీనియా (భ్రమలు, లేని మాటలు వినపడే మనోవ్యాధి) ముప్పు ఎంతో, బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) వస్తుందో రాదో, ఏ మందు ఒంటికి పడుతుందో అన్నీ చెప్పేస్తామంటారు. ధర ల్యాబును బట్టి మారుతుంది గానీ సాధారణంగా ఐదంకెలే. శాంపిల్ తీసేది ఇక్కడ, పరీక్ష జరిగేది పెద్ద నగరంలో. ఈ సమీక్షలో ఏ ల్యాబు పేరూ చెప్పడం లేదు. ప్యాకేజీల తీరు ఇంచుమించు ఒకటే, లోపాలూ ఒకటే.

ముందే తేల్చి చెప్పేస్తాం. రిపోర్టులో రెండు భాగాలుంటాయి. జబ్బు ముప్పు చెప్పే భాగానికి పైసా పెట్టక్కర్లేదు. మందుల భాగంలో రెండు మూడు వరుసలకు మాత్రం నిజంగా విలువుంది, అదీ మందు మొదలుపెట్టకముందు చూసుకుంటేనే. ఆ వరుసల్ని విడి పరీక్షలుగా చేయించుకుంటే ఖర్చు చాలావరకు తగ్గుతుంది. ఈ సంగతి కౌంటర్లో ఎవరూ చెప్పరు.

శాంపిల్ దగ్గరే సగం తప్పులు

కిట్టులో గరాటు అమర్చిన ట్యూబు ఉంటుంది. గరాటు మూతలో ఒక ద్రావణం సీల్ చేసి ఉంటుంది. ట్యూబు మీది గీత దాకా, సాధారణంగా 2 మి.లీ., ఉమ్మి నిండాలి. నురగ లెక్కలోకి రాదు. గీత దాటి నిండినట్టు కనిపించినా నురగ దిగాక సగమే మిగిలిందంటే శాంపిల్ చాలదని ల్యాబు తిప్పి పంపుతుంది. అరగంట ముందు నుంచి తిండి, నీళ్లు, టీ, బీడీ, పాన్ ఏవీ ఉండకూడదు. మన వైపు అసలు చిక్కు గుడాఖుతో. పొద్దున్నే పళ్లకు రుద్దుకునే అలవాటున్నవాళ్లు దాన్ని పొగాకుగా లెక్కే వేయరు, అడిగితే ‘ఏమీ నమల్లేదు’ అంటారు. కాబట్టి గుడాఖు పేరు పెట్టి అడగాలి. నోరు బాగా పుక్కిలించి, అరగంట ఆగి, అప్పుడు ఉమ్మాలి.

నిండాక మూతను టక్కుమని చప్పుడొచ్చేదాకా నొక్కాలి. అప్పుడే ద్రావణం కిందికి దిగుతుంది. తర్వాత గరాటు తీసి, చిన్న మూత బిగించి, ట్యూబును కొన్ని సెకన్లు బాగా ఊపాలి. ద్రావణం కలవకపోతే నోట్లోని సూక్ష్మజీవులు డీఎన్ఏను పాడు చేస్తాయి. సరిగ్గా కలిసిన ట్యూబుకు ఫ్రిజ్ అక్కర్లేదు, మామూలు గది వేడిలో వారాల తరబడి నిలుస్తుంది.

కిట్టు తయారు చేసినవాళ్లు ఊహించని ఇబ్బంది ఒకటుంది. ఈ ప్యాకేజీ కొనేవాళ్లలో చాలామంది అప్పటికే మందుల మీద ఉన్నవాళ్లు. హాలోపెరిడాల్‌తో పాటు ట్రైహెక్సీఫెనిడిల్ వాడేవారికి నోరు ఎండిపోతుంది. 2 మి.లీ. ఉమ్మి రావడానికి చాలా సేపు పడుతుంది, మధ్యలో విసుగొచ్చి ట్యూబు పక్కన పెట్టేస్తారు. దవడలు బయటి నుంచి మెల్లగా రుద్దితే కొంత ఊరుతుంది. క్లోజపిన్ వాడేవారిది దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ, తలగడ తడిసేంత చొంగ. వాళ్లకు ట్యూబు నిమిషంలో నిండుతుంది.

అందుకే మా సలహా రక్తమే ఇవ్వండి. వంగపండు రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 3 మి.లీ. చాలు. తీసిన వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా బోర్లించి తిప్పాలి. గట్టిగా ఊపకూడదు, గడ్డకట్టకూడదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వెళ్లాలి, ఐసుగడ్డకు నేరుగా తగలకూడదు. సోమవారం నుంచి బుధవారం లోపు ఇవ్వడం మంచిది. శనివారం సాయంత్రం ఇచ్చిన ట్యూబు ఆదివారమంతా ఎక్కడో డబ్బాలో పడి ఉంటుంది, మే నెలలో అయితే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు ఒకే రోజు ఇస్తుంటే ట్యూబు మీద పేరు, వయసు మీ కళ్లముందే రాయించండి. తల్లి శాంపిల్, కొడుకు శాంపిల్ తారుమారైతే రిపోర్టు చూసి ఎవరూ కనిపెట్టలేరు.

ముప్పు భాగం: ఎందుకు వద్దంటున్నాం

ఈ పరీక్ష వెనకున్న శాస్త్రం నలభై ఏళ్లుగా ఎలా నడిచిందో తెలిస్తే పోస్టరు మీది మాటలకు ఎంత విలువివ్వాలో తెలుస్తుంది. 1987లో పెన్సిల్వేనియాలోని ఆమిష్ కుటుంబాలను పరిశీలించి, బైపోలార్‌కు కారణమైన జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉందని ‘నేచర్’ పత్రికలో అచ్చువేశారు. మూడేళ్లు తిరక్కుండానే, 1989లో, అదే వంశంలో మరికొందరిని చేర్చి, ఆలోగా జబ్బు పడ్డవాళ్లను సరిచూసి మళ్లీ లెక్క కడితే ఆ లంకె నిలవలేదు. ఆ రెండో వ్యాసం మొదటి రచయిత జాన్ కెల్సో. సైకియాట్రీ చదివిన డాక్టరు, జన్యు పరిశోధకుడు, తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో పనిచేశారు. బైపోలార్ జన్యువుల మీద, ఆ జబ్బుకు వాడే లిథియం మందు ఎవరికి పనిచేస్తుందన్న ప్రశ్న మీద ఆయన పరిశోధన దశాబ్దాల పాటు సాగింది.

అదే కెల్సో భాగస్వామిగా ఏర్పడ్డ సైనోమిక్స్ సంస్థ 2008లో 399 డాలర్లకు బైపోలార్ ఉమ్మి పరీక్షను అమ్మకానికి పెట్టింది. జీఆర్‌కే3 అనే ఒక్క జన్యువులో రెండు మార్పులు చూసేది. ఉత్తర ఐరోపా మూలాలున్న తెల్లవారికి, అందులోనూ కుటుంబంలో బైపోలార్ ఉన్నవారికి మాత్రమేనని షరతు. ఫలితం వెళ్లేది డాక్టరు చేతికే. అప్పట్లో ఆ పరీక్ష మీద విమర్శలు బాగానే వచ్చాయి. అయినా ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో రాసిపెట్టారు. ఇక్కడి పోస్టర్ల మీద ఆ పాటి షరతు కూడా కనబడదు.

ఒకటి రెండు జన్యువులతో తేలే వ్యవహారం కాదని తర్వాతి లెక్కలు చూపించాయి. 2022లో 76,755 మంది స్కిజోఫ్రీనియా రోగుల్ని, 2,43,649 మంది మామూలు మనుషుల్ని పోల్చి చూస్తే జన్యుపటంలో 287 చోట్ల తేడాలు తేలాయి. బైపోలార్‌కు 2021లో 64 చోట్లు, 2025 నాటికి 298. ఒక్కో చోటి ప్రభావం పిసరంత. వీటన్నింటినీ కూడి వేసే మార్కునే ప్యాకేజీలో ‘పాలీజెనిక్ రిస్క్ స్కోర్’ అంటున్నారు. ఆ మార్కు ఎక్కువ వచ్చినవాళ్లలోనూ అత్యధికులకు జీవితాంతం జబ్బు రాదు. తక్కువ వచ్చినవాళ్లకు రాదని హామీ లేదు.

పైగా ఆ లెక్కల్లోని మనుషులు ఎక్కువగా ఐరోపా మూలాలవాళ్లు, కొంత తూర్పు ఆసియావాళ్లు. అక్కడ తయారైన మార్కు మన జనాభా మీద బాగా తగ్గి పనిచేస్తుంది. మన దగ్గర పని జరగడం లేదని కాదు. చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్‌కు చెందిన డాక్టర్ ఆర్. తార బృందం, ఆస్ట్రేలియాకు చెందిన సైకియాట్రిస్టు, జన్యు పరిశోధకుడు బ్రయన్ మోరీ బృందం కలిసి దక్షిణ భారతీయుల మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. స్కిజోఫ్రీనియాకూ, ఒంట్లో బీ3 విటమిన్ నయాసిన్‌ను వాడుకునే ఎన్‌ఏపీఆర్‌టీ1 జన్యువుకూ లంకె ఉన్నట్టు అందులో చూపించారు. బెంగళూరు పరిశోధన సంస్థలు నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బున్న కుటుంబాలను 2016 నుంచి ఏళ్ల తరబడి గమనిస్తున్నాయి. అది పరిశోధన. బరంపురంలో ఒక కుర్రాడి రిపోర్టు మీద ‘హై రిస్క్’ అని ఎర్ర అక్షరాలతో అచ్చువేయడానికి అది ఆధారం కాదు.

డబ్బు అక్కర్లేని లెక్క ఒకటుంది. స్కిజోఫ్రీనియా జనాభాలో సుమారు వందలో ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే సుమారు పది మందిలో ఒకరికి. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉన్నా రెండోవారికి రాకుండా ఉండే అవకాశమే ఎక్కువ. మూడు తరాల కుటుంబ వివరం కాగితం మీద రాసుకొని డాక్టరుకు చూపిస్తే ఈ ప్యాకేజీ మార్కు కంటే ఎక్కువ తెలుస్తుంది.

మేనరికం సంబంధాలు చూసుకునేవాళ్లు ఈ పరీక్ష కోసం ఎక్కువగా వస్తున్నారని సెంటర్లవాళ్లే చెబుతారు. ‘మావయ్యకు మతి బాగోదు, పిల్లను ఇవ్వొచ్చా’ అన్న ప్రశ్నకు ఈ రిపోర్టులో జవాబు లేదు. దగ్గరి చుట్టరికంలో నిజంగా పెరిగేది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాడైన ప్రతులూ అందితేనే వచ్చే జబ్బుల ముప్పు. అలాంటి వాటిలో విల్సన్ జబ్బు ఒకటి. ఒంట్లో రాగి పేరుకుపోయి, టీనేజీలో చదువు దెబ్బతిని, ప్రవర్తన మారి, చేతులు వణికి, మాట ముద్దగా వస్తుంది. పిచ్చి అనుకొని ఏళ్లు పోగొట్టుకుంటారు. మందుంది. కనిపెట్టే దారి రక్తంలో సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంటి డాక్టరు దగ్గర స్లిట్‌ల్యాంప్‌తో నల్లగుడ్డు అంచు చూడటం. రెండింటి ఖర్చూ ప్యాకేజీ ధరలో చిన్న ముక్క. మేనరికపు పిల్లల్లో చిన్న వయసులో మొదలైన మనోవ్యాధికి మొదట చేయించాల్సింది ఇది.

జన్యు పరీక్ష నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఇంకొకటుంది. పుట్టుకతో గుండెలో లోపం, అంగిలి చీలిక లేదా ముక్కుతో మాట్లాడటం, చిన్నప్పుడు కాల్షియం తగ్గి ఫిట్స్, చదువులో వెనకబాటు, పెద్దయ్యాక భ్రమలు: ఇవి కలిసి ఉంటే 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క ఊడిపోయిందేమో చూడాలి. ఈ లోపం ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు వస్తుంది. దానికి అడగాల్సిన పరీక్ష క్రోమోజోమల్ మైక్రోఅరే, లేదా ఫిష్ (FISH) అనే క్రోమోజోమ్ పరీక్ష. ముప్పు మార్కు మాత్రమే వేసే ప్యాకేజీలో ఇది ఉండదు. ఉందంటే ఆ మాట రాతలో తీసుకోండి.

మందుల భాగం: ఏ వరుస చూడాలి

అన్నింటికంటే విలువైనది హెచ్‌ఎల్‌ఏ-బి*15:02. ఈ జన్యు రకం ఉన్నవారికి, బైపోలార్‌కూ ఫిట్స్‌కూ వాడే కార్బమజపిన్ ఇస్తే ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ రియాక్షన్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే మందు పత్రంలో ఈ హెచ్చరిక చేర్పించింది. భారతీయుల్లో ఇది సుమారు 2 నుంచి 4 శాతం, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ అని అదే పత్రం చెబుతుంది. ఆక్స్‌కార్బజపిన్‌కూ ఇదే జాగ్రత్త. రియాక్షన్ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లో. ఏడాదిగా మచ్చ లేకుండా వాడుతున్నవారికి ఈ పరీక్ష దండగ. దీన్ని విడిగా చేసే ల్యాబులున్నాయి, అదే అడగండి. ఫలితం ‘లేదు’ అని వచ్చినా దద్దుర్లు లేస్తే మందు ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. బైపోలార్‌కే వాడే మరో మందు లామోట్రిజిన్ వల్ల వచ్చే దద్దుర్లకు ఇలాంటి పరీక్ష లేదు. డోసు తొందరగా పెంచడం, వాల్‌ప్రోయేట్‌తో కలిపి ఇచ్చినప్పుడు సగానికి తగ్గించకపోవడం అక్కడ ముఖ్య కారణాలు.

రెండోది సీవైపీ2సీ19. ఎస్‌సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందుల్ని లివర్లో కరిగించే ఎంజైమ్ ఇది. దక్షిణాదిలో దీని పని బాగా తక్కువగా ఉన్నవారు అరుదేమీ కాదు. వాళ్లలో మందు పేరుకుంటుంది. సిటలోప్రామ్‌ను వాళ్లకు రోజుకు 20 మి.గ్రా. దాటించొద్దని ఎఫ్‌డీఏ సూచన ఉంది.

మూడోది సీవైపీ2డీ6, ఇదీ లివర్ ఎంజైమే. స్కిజోఫ్రీనియాకు వాడే రిస్పెరిడోన్, అరిపిప్రజోల్, హాలోపెరిడాల్ కరగడం దీని చేతిలో ఉంది. ఈ ఎంజైమ్ అసలు పనిచేయనివారికి రిస్పెరిడోన్‌ను మామూలు డోసులో మూడింట రెండు వంతులకు, అరిపిప్రజోల్‌ను రోజుకు 10 మి.గ్రా. లోపుకు ఉంచమని నెదర్లాండ్స్ ఫార్మసిస్టుల మార్గదర్శకాలు చెబుతాయి. ఇక్కడ ల్యాబును ఒకే ప్రశ్న అడగండి: ‘కాపీ నంబరు చూశారా?’ ఈ జన్యువు కొందరిలో పూర్తిగా ఊడిపోయి ఉంటుంది, కొందరిలో రెండు మూడు ప్రతులు అదనంగా ఉంటాయి. చవక చిప్పు దీన్ని పట్టుకోలేదు, ‘నార్మల్’ అని రాసేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. డిప్రెషన్ మందులు ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ వాడుతున్నవారిలో ఆ మందులే ఈ ఎంజైమ్‌ను తొక్కిపెడతాయి. జన్యువు నార్మల్, మనిషి మాత్రం పనిచేయని ఎంజైమ్ ఉన్నవాడితో సమానం. ఆ రిపోర్టును నమ్మి రిస్పెరిడోన్ పెంచితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ శాంపిల్‌తో పాటు పంపకపోతే రిపోర్టుకు అర్థమే లేదు. చాలా దరఖాస్తుల్లో దానికి ఇచ్చే జాగా ఒక్క గీత.

పొగ సంగతి అడిగే దరఖాస్తులు ఇంకా తక్కువ. క్లోజపిన్, ఓలాంజపిన్‌లను కరిగించేది సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్. పొగాకు పొగలోని మసి పదార్థాలు దాన్ని రెచ్చగొడతాయి, మందు తొందరగా కరిగిపోతుంది. రెచ్చగొట్టేది నికోటిన్ కాదు, పొగ. కాబట్టి ఖైనీ, గుడాఖులకు ఈ ప్రభావం లేదు. బీడీ, సిగరెట్, చుట్టకు ఉంది. గంజాం, శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని, తాగుతారు. ‘సిగరెట్ తాగుతారా’ అంటే లేదంటారు. చుట్ట అని అడగాలి. వార్డులో చేరి పొగ మానేసిన మనిషికి వారం తిరిగేలోపే రక్తంలో క్లోజపిన్ సగానికి సగం పెరగొచ్చు. మగత, తూలుడు, డోసు ఎక్కువైతే ఫిట్స్. ఇంటికొచ్చి మళ్లీ చుట్ట ముట్టిస్తే మందు పడిపోయి జబ్బు తిరగబెడుతుంది. ఏ ప్యానెల్ ఈ ఎగుడుదిగుళ్లను చెప్పదు. పొగ మొదలుపెట్టినా మానినా డాక్టరుకు చెప్పడమే పరీక్ష.

లిథియంకు జన్యు వరుస ఉంటే దాటేయండి. లిథియం పనిచేయడం కొన్ని కుటుంబాల్లో వంశంలో కనిపిస్తుందన్నది నిజమే, దాన్ని ముందే చెప్పే పరీక్ష మాత్రం ఇంకా చేతికి రాలేదు. లిథియంను కరిగించే ఎంజైమ్ అంటూ ఏదీ లేదు, అది కిడ్నీ నుంచి అలాగే బయటికి పోతుంది. కావాల్సింది రక్తంలో లిథియం లెవెల్. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందు తీయాలి. డోసు మార్చిన ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత తీయాలి. దాంతో పాటు క్రియాటినిన్, థైరాయిడ్.

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్లలో మందుల్ని సర్ది ఇచ్చే పేజీ చూడ్డానికి బాగుంటుంది. ఆకుపచ్చ అంటే ‘పనిచేస్తుంది’ అని కాదు, ‘జన్యువుల్లో అడ్డంకి కనబడలేదు’ అని మాత్రమే. డిప్రెషన్ రోగులు 1,167 మందితో అమెరికాలో చేసి 2019లో అచ్చువేసిన ట్రయల్‌లో, ఇలాంటి ప్యానెల్ చూసి మందు ఇచ్చినా ఎనిమిది వారాలకు లక్షణాల తగ్గుదలలో నమ్మదగ్గ తేడా తేలలేదు.

ప్యానెల్‌లో కాదు, రక్త పరీక్షలో చూడాల్సింది: బీసీహెచ్‌ఈ

మన సరిహద్దు తెలుగువారికి బాగా అక్కరకొచ్చే జన్యు సమాచారం సైకియాట్రీ పోస్టరు మీద కాదు, ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు దగ్గర ఉంది. తెలుగు వైశ్య కుటుంబాల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ (బీసీహెచ్‌ఈ) అనే ఎంజైమ్ లోపం మిగతా సమూహాల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. ఎన్నో తరాల కిందటి కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన మార్పు అది, 2017లో అచ్చయిన జన్యు అధ్యయనం కూడా దీన్ని ప్రస్తావించింది. మామూలు రోజుల్లో ఈ లోపం ఉన్నట్టే తెలియదు. కరెంటు చికిత్స, అంటే ఈసీటీ, ఇచ్చేముందు కండరాల సడలింపుకు వేసే సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ దగ్గర తెలుస్తుంది. నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటల తరబడి దిగదు, అంతసేపూ మనిషి తనంతట ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ దగ్గర లేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం సడలింపు మందు, మత్తు లేకుండా ఈసీటీ ఇవ్వకూడదు. కాబట్టి ఇంజెక్షన్ తప్పదు, జాగ్రత్త ముందే ఉండాలి. దీనికి జన్యు పరీక్ష కూడా అక్కర్లేదు. ‘సీరం సూడోకోలినెస్టరేజ్’ అనే, అదే ఎంజైమ్‌ను కొలిచే మామూలు రక్త పరీక్ష చాలు. తక్కువ వస్తే మత్తు డాక్టరు వేరే సడలింపు మందు వాడతారు. బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి వైశ్య ఇళ్లలో ఎవరికైనా ఈసీటీ అనుకుంటే, లేక ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత లేవడానికి గంటలు పట్టిందని పెద్దవాళ్లు చెబితే, ఈ ముక్క ముందుగానే మత్తు డాక్టరు చెవిన వేయాలి.

సేవ, రిపోర్టు

రిపోర్టు పూర్తిగా ఇంగ్లీషులో వస్తుంది, తెలుగులో గానీ ఒడియాలో గానీ ఇచ్చే చోటు మా కంటబడలేదు. ఫోన్ కౌన్సెలింగ్ ఉచితం అంటే, తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారా అని డబ్బు కట్టకముందే అడగాలి. రిపోర్టును శాంపిల్ తీసిన కుర్రాడి వాట్సాప్‌కు పంపొద్దని, సీల్ చేసిన కవరులో లేదా నేరుగా డాక్టరుకు ఇవ్వమని రాయించండి. సంబంధాలు చూసుకునే ఊళ్లో ‘హై రిస్క్’ అన్న ఒక్క పేజీ ఎంత దూరమైనా పోతుంది. 18 ఏళ్లలోపు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ముప్పు పరీక్ష చేయిస్తామంటే ఒప్పుకోవద్దు.

ఆ డబ్బే ఉంటే ముందు వేరే ఖర్చులున్నాయి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితం. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. థైరాయిడ్, బీ12, సెరులోప్లాస్మిన్, లిథియం వాడేవారికి లెవెల్, క్లోజపిన్ వాడేవారికి తెల్లకణాల లెక్క: ఇవన్నీ అయ్యాక, కార్బమజపిన్ మొదలుపెట్టబోతుంటే హెచ్‌ఎల్‌ఏ ఒక్కటి. రెండు మూడు మందులు మామూలు డోసులోనే ఒంటికి పడకపోతే, డాక్టరు అడిగితే, అప్పుడు మందుల ప్యానెల్.

చేయించేపక్షంలో రంగు గళ్ల పేజీతో సరిపెట్టుకోకుండా స్టార్ నంబర్లున్న పేజీ అడిగి తీసుకోండి, ‘సీవైపీ2సీ19 *2/*2’ అన్న తరహాలో ఉంటుంది. జన్యువులు మారవు గనక మందుల భాగం జీవితంలో ఒకసారి చాలు. ఏడాది తర్వాత ‘అప్‌డేటెడ్ ప్యానెల్’ అని ఫోన్ వస్తే, కొత్త శాంపిల్ ఇవ్వకుండా ఆ పాత నంబర్లనే డాక్టరుకు చూపించండి.